స్టేజీ మీద సొలిసిటర్ పేరు చెప్పే ముందు: ఇంగ్లండ్‌లోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

ఇంగ్లండ్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

ఉగాదికో దసరాకో మీరు హాలు అద్దెకు తీసుకుని చేసే కార్యక్రమాల్లో ఈమధ్య ‘ఇల్లు కొనడం ఎలా’ అన్న గంట తప్పనిసరి అయిపోయింది. మంచిదే. రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్, మాంచెస్టర్, ఎక్కడ చూసినా మనవాళ్ళు అద్దె ఇళ్ళు ఖాళీ చేసి సొంత ఇళ్ళకు మారుతున్నారు. అడిగి తెలుసుకోవడానికి ఇంట్లో పెద్దదిక్కు లేని ఊళ్ళో సంఘం ఆ పని చేస్తే ఎవరు కాదంటారు? నా బాధల్లా ఆ గంటలో మైకు ఎవరి చేతికి ఇస్తున్నారన్నదాని గురించే. స్టేజీ ఎక్కేది ఇంటి లోను కుదిర్చే మార్ట్‌గేజ్ బ్రోకరు. ఆయన పక్కన కొత్త ఇళ్ళు కడుతున్న బిల్డరు తరఫు సేల్స్ మనిషి. వడ్డీ రేట్లు, డిపాజిట్, స్కూళ్ళు, తూర్పు ముఖం అన్నీ అయ్యాక, భోజనాలకు పిలుస్తున్న హడావుడిలో, “సొలిసిటర్ సంగతి మీకెందుకు, మేం చూసుకుంటాం” అని ఒక కార్డు పంచుతారు. మూడున్నర, నాలుగు లక్షల పౌండ్ల వ్యవహారంలో మన తరఫున కాగితాలు చదవాల్సిన ఒకే ఒక్క లాయరు, ఆ సొలిసిటర్ గురించి మనం మాట్లాడుకునేది అంతే.

నేను సొలిసిటర్‌ని కాను. సొలిసిటర్ల దగ్గర కన్వేయన్సింగ్ ఫైళ్ళు, అంటే ఇళ్ళ అమ్మకం, కొనుగోళ్ళ లీగల్ ఫైళ్ళు, నడిపే ఉద్యోగిని. ఆ కార్డు పట్టుకుని వచ్చినవాళ్ళ టెన్షన్ చివరికి మాలాంటి వాళ్ళ బల్లల మీదికే వస్తుంది కాబట్టి ఈ ఉత్తరం. అడిగేది పెద్ద కోరిక కూడా కాదు. మీ స్టేజీ మీద ఎవరైనా సొలిసిటర్ పేరు చెప్తే, ఆ పేరు చెప్పినందుకు తనకెంత ముడుతుందో కూడా అదే మైకులో చెప్పించండి.

ఈ దేశంలో ఇళ్ళ కొనుగోళ్ళ కేసులు పంపినందుకు సొలిసిటర్ దగ్గర ఏజెంటో బ్రోకరో డబ్బు తీసుకోవడం తప్పేమీ కాదు. దెబ్బలు తగిలిన కేసుల్లో ఇలాంటి రెఫరల్ ఫీజుల్ని 2013లో నిషేధించారు గానీ ఇళ్ళ జోలికి రాలేదు. కాకపోతే చెప్పి తీసుకోవాలి. సొలిసిటర్లను నియంత్రించే సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, అంటే ఎస్ఆర్ఏ, ఈ లావాదేవీని క్లయింటుకు తెలియజేసి తీరాలంటుంది. తెలియజేస్తారు కూడా, పని ఒప్పుకున్నప్పుడు పంపే, బోలెడు పేజీలుండే క్లయింట్ కేర్ లెటర్ మధ్యలో ఒక పేరాలో. ఆ లెటర్ చదివి ప్రశ్న అడిగినవాళ్ళు మనవాళ్ళలో నాకు అరుదుగా తగిలారు. “సంతకం ఎక్కడ?” అన్నదే మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న.

ఆ డబ్బు ఆకాశంలోంచి రాదు, కొనేవాళ్ళు కట్టే ఫీజులోంచే పోతుంది. పోగా మిగిలినదాంతో గిట్టుబాటు కావాలంటే ఒక్కో మనిషికి మరిన్ని ఫైళ్ళు అంటగట్టడమే మార్గం. ఫోను ఎత్తరు, ఈమెయిల్‌కి వారమైనా జవాబు రాదు అని మీ సభ్యులు తిట్టుకునేది చాలావరకు ఇందుకే. ఇంకో సంగతి. ఎస్టేట్ ఏజెంటు అమ్మేవాళ్ళ మనిషి, జీతం వాళ్ళ దగ్గరే. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనేటప్పుడు అమ్మేవాడి మధ్యవర్తి తీసుకొచ్చిన లాయరు చేత మనం లీగల్ ఒపీనియన్ రాయించుకుంటామా? ఇక్కడికొచ్చేసరికి ఆ ఇంగితం ఎందుకో మాయమైపోతుంది. బిల్డర్లయితే ఇంకో అడుగు ముందుకేసి, మేం చెప్పిన సొలిసిటర్ దగ్గరికెళ్తే లీగల్ ఫీజు మేమే కడతాం అంటారు.

అలా వచ్చిన పేర్లన్నీ చెడ్డవని అనను. ఒకే సైటులో వరసగా ఇళ్ళు చేసిన సొలిసిటర్‌కి ఆ కాగితాలు కంఠతా వచ్చేసి ఉంటాయి, పని తొందరగా అవుతుంది. మా ఆఫీసుకీ రెఫరల్ మీద వచ్చే ఫైళ్ళున్నాయి. తెలిసి ఎంచుకుంటే పేచీ లేదు.

అసలు మనవాళ్ళు సొలిసిటర్‌ని అంత తేలిగ్గా ఎందుకు తీసుకుంటారు? మన దగ్గర ఇల్లు కొనడమంటే ఈసీ తీయించడం, లింకు డాక్యుమెంట్లు చూపించడం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటో దిగి వేలిముద్ర వేయడం. అక్కడ రిజిస్టరయ్యేది దస్తావేజు. హక్కు సరైనదో కాదో తేల్చుకునే బాధ్యత మనదే. ఇక్కడ ల్యాండ్ రిజిస్ట్రీలో హక్కే రిజిస్టరవుతుంది, దానికి ప్రభుత్వం పూచీ ఉంటుంది. ఏ ఇంటి టైటిల్ రిజిస్టర్ కాపీ అయినా ఏడు పౌండ్లు కడితే ఆన్‌లైన్లో ఎవరికైనా వస్తుంది. ఇంత సులువు చూసి “ఇంకేముంది, సొలిసిటర్ అంటే ఫారాలు నింపే మనిషి” అనుకుంటారు.

రిజిస్టర్‌లో లేనివే అసలు తలనొప్పులు. వెనకాల కట్టిన ఎక్స్‌టెన్షన్‌కి బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ ఉందా, గ్యాస్ బాయిలర్ పెట్టినప్పటి కాగితం ఉందా, ఇంటి కిందనుంచి మురుగు పైపు పోతోందా, పక్కింటాయనతో గొడవలున్నాయా? అమ్మేవాళ్ళు ఇంటి వివరాలు నింపే టీఏ6 ఫారం, కౌన్సిల్ నుంచి తెప్పించే లోకల్ సెర్చ్, డ్రైనేజీ సెర్చ్, పర్యావరణ సెర్చ్, ఇవన్నీ చదివి ప్రశ్నలు వేసేది సొలిసిటర్. బాగా చదివే మనిషికీ పైపైన తిరగేసే మనిషికీ తేడా ఈ ప్రశ్నల దగ్గరే బయటపడుతుంది.

మనవాళ్ళు ఎగబడి కొనే కొత్త ఎస్టేట్లనే తీసుకోండి. ఫ్రీహోల్డ్, అంటే స్థలంతో సహా సొంతం అని రాసుంటుంది, అంతా మనదే అనుకుంటారు. కానీ లోపలి రోడ్లను, పచ్చిక మైదానాన్ని, పిల్లల పార్కును కౌన్సిల్ తీసుకోదు, ఓ మేనేజ్‌మెంట్ కంపెనీ చేతిలో ఉంటాయి. ఏటా దానికి డబ్బు కట్టాలి, ఎంత పెంచుతారో దాని ఇష్టం. ఆ సంగతి టీపీ1 అనే ట్రాన్స్‌ఫర్ పత్రంలో ఎక్కడో ఉంటుంది. చాలా చోట్ల ఇంకో మెలిక కూడా పెడతారు: రేపు మీరు అమ్ముకోవాలన్నా ‘ఈయన బాకీ ఏమీ లేదు’ అని ఆ కంపెనీ సర్టిఫికెట్ ఇస్తే తప్ప ల్యాండ్ రిజిస్ట్రీ పేరు మార్చదు. ఇది ముందే చెప్పే సొలిసిటర్ కావాలి. నాలుగువారాల్లో ఎక్స్‌చేంజ్, అంటే ఇరువైపులా కట్టుబడేలా ఒప్పందాలు మార్చుకోవడం, అవ్వకపోతే ఇల్లు ఇంకొకరికి ఇచ్చేస్తాం అని బిల్డరు తొందరపెడుతున్నప్పుడు, ఆ బిల్డరు పంపే ఫైళ్ళ మీదే బతికే ఆఫీసు “ఆగండి, ఇది చదవండి” అని ఎంత గట్టిగా అంటుందో మీరే ఆలోచించండి.

ఫ్లాట్లను ఇక్కడ సాధారణంగా ఇన్నేళ్ళని లీజుకే అమ్ముతారు, కాబట్టి లీజు ఇంకెన్నేళ్ళుంది, స్థలం యజమానికి ఏటా కట్టే గ్రౌండ్ రెంట్ ఎంత, సర్వీస్ చార్జీ ఎంత అన్నవి మొదటి రోజే అడగాలి. 2022 జూన్ 30 తర్వాత ఇచ్చిన కొత్త లీజుల్లో గ్రౌండ్ రెంట్ దాదాపు లేనట్టే, పాతవాటికి ఆ సౌకర్యం రాలేదు. లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత వచ్చిన 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ చట్టం వల్ల ఎత్తైన భవనాల్లో ఫ్లాట్ల కేసులంటే ముట్టుకోని ఆఫీసులూ ఉన్నాయి. కాబట్టి ఏం కొంటున్నామో చెప్పి, చేస్తారా అని ముందే అడిగేయాలి.

ఇక స్టాంప్ డ్యూటీ. మీ సెమినార్లలో ‘మొదటి ఇల్లు కొనేవాళ్ళకి తగ్గింపు’ అని ఒక స్లైడ్ వేసి దాటేస్తున్నారు. అక్కడే మనవాళ్ళు బోర్లా పడుతున్నారు. మొదటి ఇల్లు అంటే బ్రిటన్‌లో మొదటిది అనుకుంటున్నారు. చట్టం ప్రకారం ప్రపంచంలో ఎక్కడా, ఎప్పుడూ ఇల్లు ఉండి ఉండకూడదు. నాన్న పోయాక వాటాగా వచ్చినదైనా సరే. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరికీ ఉండకూడదు. పైగా కూకట్‌పల్లిలోనో విజయవాడలోనో ఇప్పటికీ మీ పేరున నలభై వేల పౌండ్లకు పైబడిన ఫ్లాట్ ఉంటే, ఇక్కడ కొనేది రెండో ఇల్లు కింద లెక్కేసి అదనంగా 5 శాతం వేస్తారు. ఆ ఫ్లాట్ భార్య పేరునో భర్త పేరునో ఉండి, ఇక్కడి కాగితాల్లో వాళ్ళ పేరు లేకపోయినా అంతే. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్లతో నాలుగున్నర లక్షల పౌండ్ల ఇంటికి లెక్క వేయండి. నిజంగా మొదటిసారి కొనేవాళ్ళు కట్టేది 7,500. మామూలు కొనుగోలుదారు కట్టేది 12,500. ఊళ్ళో ఫ్లాట్ ఉంచుకుని ఇక్కడ అద్దె ఇంట్లోంచి మారేవాళ్ళు కట్టేది 35,000.

సొలిసిటర్ పంపే ప్రశ్నావళిలో “మీకు ఇంకెక్కడైనా ఆస్తి ఉందా?” అని ఉంటుంది. “లేదు” అని టిక్ పెట్టేస్తారు, మనసులో ఇంగ్లండ్ వరకే అనుకుని. కొందరు సొలిసిటర్లు ఆ టిక్‌నే నమ్ముకుని, కంప్లీషన్ అయిన, అంటే ఇల్లు చేతికొచ్చిన 14 రోజుల్లోపు స్టాంప్ డ్యూటీ రిటర్ను వేసేస్తారు. రేపు ఇక్కడి పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ ఆరా తీస్తే పన్ను, వడ్డీ, పెనాల్టీ కట్టాల్సింది కొన్నవాళ్ళే. మన ఊళ్ళ సంగతి తెలిసిన సొలిసిటర్ అయితే “ఇండియాలో కూడా లేదా? అమ్మానాన్నలతో కలిపి ఏదైనా?” అని రెండోసారి అడుగుతారు. ఖాళీ స్థలం, పొలం ఇందులోకి రావు అని కూడా వాళ్ళే చెప్తారు, సగం మందికి ప్రాణం లేచొస్తుంది.

డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న దగ్గర ఇంకా పెద్ద గందరగోళం. మనీ లాండరింగ్ నిబంధనల వల్ల డిపాజిట్‌లో ప్రతి పౌండు ఎలా వచ్చిందో సొలిసిటర్ కాగితాలతో తేల్చుకోవాలి. మనవాళ్ళ డబ్బేమో నాలుగు దిక్కులనుంచీ వస్తుంది. కొంత జీతంలో మిగిల్చింది, కొంత మామగారిచ్చింది, కొంత బంగారం మీద లోను, కొంత చీటీ పాడితే వచ్చింది. చీటీ అంటే ఏమిటో ఒక ఇంగ్లీషు సహోద్యోగికి వివరించాల్సి వచ్చింది నాకు. ఇరవై మంది నెలనెలా కడతారు, ఎక్కువ తగ్గించుకుని పాడినవాళ్ళకి ఆ నెల సొమ్ము దక్కుతుంది, తగ్గించుకున్నది మిగతావాళ్ళు పంచుకుంటారు అని చెప్తే, ఆవిడ నోట్‌లో ‘ఇది లాటరీనా?’ అని రాసి ప్రశ్నార్థకం పెట్టింది. రిజిస్టరైన చిట్ కంపెనీ అయితే పాస్‌బుక్కు, కంపెనీ ఇచ్చిన లెటరు, బ్యాంకులో జమ అయిన ఎంట్రీ మూడూ కలిపి పెడితే గట్టెక్కుతుంది. కాలనీలో నడిపే చేతి చీటీ అయితే కష్టం.

అమ్మానాన్న పొలం అమ్మి పంపిన డబ్బుకి దస్తావేజు అడుగుతారు, తెలుగులో ఉంటే అనువాదం కూడా. దస్తావేజులో ముప్పై లక్షలు, అకౌంట్లో డెబ్బై లక్షలు కనిపిస్తే ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఏ సొలిసిటర్‌కీ చెప్పి ఒప్పించలేం. మన దగ్గర అది మామూలే కావచ్చు, ఇక్కడ దాన్ని నేషనల్ క్రైమ్ ఏజెన్సీకి రిపోర్టు చేయాల్సి రావచ్చు. చేశామని మీకు చెప్పడం కూడా నేరం. ఫైలు ఎందుకు కదలట్లేదో తెలియక మీరు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటారు, మేం నసుగుతుంటాం.

పెద్దవాళ్ళు ఇచ్చింది కానుకే అయితే, తిరిగి అడగం, ఇంట్లో వాటా అడగం అని సంతకం చేసిన లెటరు ఇవ్వాలి, వాళ్ళ పాస్‌పోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పంపాలి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకే పంపగలరు. ఇవన్నీ ఇల్లు దొరికాక మొదలుపెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. స్నేహితుడిచ్చిన చేబదులుని కానుక అని రాయించే అతి తెలివి కూడా చూస్తుంటాను. సొలిసిటర్ మీకు ఒక్కరికే కాదు, అప్పిచ్చే బ్యాంకుకి కూడా పనిచేస్తాడు. “మీకు చెప్తున్నాను, బ్యాంకుకి చెప్పకండి” అంటే ఆ ఫైలు అక్కడితో ఆగిపోతుంది.

మరి ఎలా ఎంచుకోవాలి? మీ సెమినార్‌లో చెప్పాల్సింది ఇది. ఆఫర్ పెట్టకముందే ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోమనండి. 2018 డిసెంబరు నుంచి సొలిసిటర్ ఆఫీసులు ఇళ్ళ కన్వేయన్సింగ్ ధరలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి, కాబట్టి చూసుకోవడం కష్టం కాదు. పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూసి మురిసిపోవద్దు. కింద లీజ్‌హోల్డ్‌కి ఇంత, న్యూ బిల్డ్‌కి ఇంత, గిఫ్ట్ డిపాజిట్‌కి ఇంత, లైఫ్‌టైమ్ ఐసా అనే పొదుపు ఖాతా డబ్బు వాడితే ఇంత, స్టాంప్ డ్యూటీ ఫారానికి ఇంత, డబ్బు పంపినందుకు ఇంత అని తడిసి మోపెడవుతుంది. మొత్తం కలిపి ఎంతో రాసివ్వమని అడగాలి. కొనుగోలు మధ్యలో చెడిపోతే ఎంత కట్టాలో కూడా.

మీరు అప్పు తీసుకునే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే బ్యాంకు ఒప్పుకున్న సొలిసిటర్ల జాబితాలో, ఆ ఆఫీసు ఉందా అన్నది అడగకపోతే చివర్లో కొంప మునుగుతుంది. ఫైలు చూసేది ఎవరు, ఆ మనిషి సెలవు పెడితే ఎవరు, నేరుగా ఫోను నంబరు ఇస్తారా, ఈ మూడూ అడిగితే ఆఫీసు తీరు తెలిసిపోతుంది. జవాబు చెప్పడానికి విసుక్కున్నారంటే అర్థం చేసుకోండి. పేరు ఎస్ఆర్ఏ రిజిస్టర్‌లో ఉందో లేదో చూసుకోవడానికి నిమిషం పట్టదు. సొలిసిటరే కావాలనీ లేదు. 1985 చట్టంతో లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు వచ్చారు, వాళ్ళకి వేరే నియంత్రణ సంస్థ ఉంది, ఇదే పని చేస్తారు. స్కాట్లాండ్ పద్ధతి మొత్తం వేరు, అక్కడి సభ్యులకు అక్కడివాళ్ళ చేతే చెప్పించండి.

కుదిరాక కూడా మనవైపు నుంచి ఒక పద్ధతి ఉండాలి. అడిగిన కాగితాలు విడివిడిగా వాట్సాప్ ఫొటోల్లా కాకుండా ఒక్కసారిగా పంపితే ఫైలు సగం తేలికవుతుంది. రోజూ ఫోను చేసి “ఏమైంది?” అనడం కన్నా వారానికోసారి “ఇంకా ఎవరి జవాబు రావాలి?” అని రాసి అడిగితే పని జరుగుతుంది. అమ్మేవాళ్ళ సొలిసిటరో, ఫ్లాట్ అయితే మేనేజింగ్ ఏజెంటో, కౌన్సిలో, ఎక్కడో ఒకచోట ఆగి ఉంటుంది. సొలిసిటర్ ఇల్లు చూడడానికి రాడని, గోడ పగుళ్ళు చూసేది సర్వేయరని కూడా చాలామందికి తెలియదు.

ముహూర్తం సంగతి కూడా చెప్పక తప్పదు. పంతులుగారి దగ్గర గృహప్రవేశం డేటు పెట్టించేసి, అమ్మానాన్నలకి టికెట్లు బుక్ చేసేసి, ఆషాఢం వచ్చేలోపు అయిపోవాలని సొలిసిటర్ మీద పడతారు. ఎక్స్‌చేంజ్ అయ్యేదాకా ఏ తేదీ ఖాయం కాదు, అప్పటిదాకా అమ్మేవాళ్ళు మనసు మార్చుకున్నా చేయగలిగిందేమీ లేదు. ఆ తొందరలో “మిగతా ప్రశ్నలు వదిలేయండి, ఎక్స్‌చేంజ్ చేసేయండి” అని రాతపూర్వకంగా పంపినవాళ్ళున్నారు. ఎక్స్‌చేంజ్ అయ్యాక వెనక్కి తగ్గితే సాధారణంగా పది శాతం డిపాజిట్ పోతుంది. నాకూ ముహూర్తాల మీద నమ్మకముంది. తాళాలు చేతికొచ్చాక మంచి రోజు చూసి పాలు పొంగించుకుంటే దేవుడేమీ అనుకోడు.

ఒక హెచ్చరిక మాత్రం దయచేసి ప్రతి సెమినార్‌లోనూ రెండుసార్లు చెప్పండి. డిపాజిట్ పంపాల్సిన సమయానికి సొలిసిటర్ పేరుతో “మా బ్యాంకు అకౌంటు మారింది” అని ఈమెయిల్ వస్తుంది. అచ్చం అదే సంతకం, అదే లోగో. అది దొంగల పని. మొదట్లో చేతికిచ్చిన లెటర్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, అకౌంట్ నంబరు చదివించుకుని, తర్వాతే పంపాలి. ఈమెయిల్‌లో ఉన్న నంబరుకి చేస్తే ఎత్తేదీ దొంగే. అలా పోయిన డబ్బు తిరిగి రావడం గగనం.

పని సరిగ్గా చేయని ఆఫీసు మీద ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు, పైసా ఖర్చు లేదు. వాట్సాప్ గ్రూపులో తిట్టుకునే ఓపిక ఉన్నవాళ్ళు ఈ ఒక్క ఉత్తరం మాత్రం రాయరు.

కార్యవర్గ సభ్యులారా, స్పాన్సర్లు లేకపోతే హాలు అద్దె కూడా పుట్టదని నాకు తెలుసు. బ్రోకర్లను పిలవద్దనడం లేదు. బ్యానర్ మీద పేరుతో పాటు ‘ఈ సంస్థ సొలిసిటర్ల నుంచి రెఫరల్ ఫీజు తీసుకుంటుంది’ అన్న వాక్యం తెలుగులో వేయించండి. పంచే కార్డు మీద కూడా. రెఫరల్ సంబంధం లేని సొలిసిటర్‌కో లైసెన్స్‌డ్ కన్వేయన్సర్‌కో ఇరవై నిమిషాలైనా ఇవ్వండి, భోజనాలకు ముందు కాకుండా మొదట్లోనే. సభ్యులు అడిగే ప్రశ్నల్ని ముందే తీసుకోండి. ఇండియాలో ఫ్లాట్, చీటీ డబ్బు, తల్లిదండ్రుల కానుక, ఈ మూడే ఎక్కువ వస్తాయని ఇప్పుడే చెప్పగలను.

ఎవరూ దొరక్కపోతే నన్ను పిలవండి. రైలు ఖర్చు నేనే పెట్టుకుని వస్తాను, మా ఆఫీసు పేరు ఎత్తను, కార్డులు తేను.

ఇట్లు,
కన్వేయన్సింగ్ ఫైళ్ళ మధ్య బతుకుతున్న మీ సంఘ సభ్యురాలు